1746లో మద్రాసు పోతుంటే ఇంగ్లీషు ఓడలు ఏం చేస్తున్నాయి?

చరిత్రపిచ్చి:

గ్రూప్స్‌కి చదువుతున్నా, మొదటి కర్ణాటక యుద్ధం దగ్గర రెండు రోజులుగా ఇరుక్కుపోయాను. నోట్సులో ఒకటే లైను ఉంది, లా బూర్డోనే 1746లో మద్రాసును ఆక్రమించాడు అని. బిట్టుకి అది చాలు, కానీ ముందు పేజీలోనే ఇంకో సంగతి ఉంది. ఆ ఏడాది జూలైలో నాగపట్నం ఎదురుగా ఫ్రెంచి ఓడలు తొమ్మిది, ఇంగ్లీషు ఓడలు ఆరు కొట్టుకున్నాయి, ఎవరూ గెలవలేదు, ఇంగ్లీషువాళ్ళ ఓడ ఒక్కటీ పోలేదు. మరి సెప్టెంబరులో ఫ్రెంచివాళ్ళు తీరిగ్గా వచ్చి కోట ముందు లంగరేసి వారం రోజుల్లో ఊరు తీసుకుంటే ఆ ఆరు ఓడలు ఎక్కడున్నట్టు? సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళని మించినవాళ్ళు లేరని చిన్నప్పటి నుంచి చదువుకుంటున్నాం కదా.

ఇంకో డౌటు. అంత కష్టపడి పట్టుకున్న రేవుని 11 లక్షల వరహాలు ఇస్తే తిరిగి ఇచ్చేస్తానని లా బూర్డోనే ఒప్పందం రాసిచ్చాడట. డబ్బుకి కక్కుర్తి పడ్డాడా, లేక వేరే లెక్క ఏదైనా ఉందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాతలంగరు:

బెంగాల్ వెళ్ళి కూర్చున్నాయండి. ఒక్క మాటలో జవాబు అదే, కానీ ఎందుకు వెళ్ళాయన్నదే అసలు కథ.

మొదట ఈ సముద్రంలో ఇంగ్లండు రాజుగారి ఓడలే ఉండేవి, ఫ్రెంచివాళ్ళకి యుద్ధనౌక అన్నదే లేదు. బార్నెట్ అనే కమోడోర్, అంటే ఓడల దళానికి నాయకుడు, వచ్చి ఫ్రెంచి వర్తకపు ఓడల్ని దొరికినవి దొరికినట్టు పట్టుకుని పాండిచ్చేరిలో ఫ్రెంచి గవర్నరుగా ఉన్న డూప్లే పీకల మీదికి తెచ్చాడు. ఆ బార్నెట్ 1746లో, కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జబ్బుచేసి పోయాడు. సీనియారిటీ లెక్కన పేటన్ అనే కెప్టెన్ చేతికి దళం వచ్చింది. అటు మారిషస్‌లో గవర్నరుగా ఉన్న లా బూర్డోనే మాత్రం మామూలు మనిషి కాదు. కంపెనీ వర్తకపు ఓడలకే ఫిరంగులు బిగించి దళం తయారుచేశాడు, దారిలో తుపాను కొట్టి అవన్నీ చితికిపోతే మడగాస్కర్‌లో అంటోంగిల్ అఖాతంలోకి దూరి, అడవిలో చెట్లు కొట్టించి కొత్త తెరచాప కొయ్యలు చేయించుకుని మళ్ళీ బయల్దేరాడు. తొమ్మిది ఓడలని మీరు రాశారు, కానీ వాటిలో నిజమైన యుద్ధనౌక 70 ఫిరంగుల అషిల్ ఒక్కటే. పేటన్‌వి ఆరే అయినా అన్నీ రాజుగారివి, ఫిరంగుల బరువు అతనిదే ఎక్కువ. ఫ్రెంచి ఓడల్లో మనుషులు బాగా ఎక్కువ. అందుకని పేటన్ దూరం నుంచే గుళ్ళు కురిపించాడు, దగ్గరికెళితే ఓడల మీదికి దూకేస్తారని భయం. చీకటి పడింది, కాల్పులు ఆగిపోయాయి. మర్నాడు ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత పేటన్ కెప్టెన్లందరినీ పిలిచి సమావేశం పెట్టి ట్రింకోమలీ దారి పట్టాడు.

ఎందుకంటే దళంలో అన్నింటికన్నా పెద్దది, 60 ఫిరంగుల మెడ్వే అనే ఓడ, కారిపోతోంది. మామూలుగా కారడం కాదు, దాని సొంత ఫిరంగులు పేలిస్తే ఆ అదురుకే మునిగిపోతుందేమోనని దాంట్లో ఉన్నవాళ్ళే భయపడ్డారు. ఒక్కసారి ఊహించుకోండి, శత్రువు మీద కాలిస్తే మనమే మునిగిపోయే యుద్ధనౌక!

అప్పట్లో ఓడల అడుగుకి రాగిరేకు కొట్టే పద్ధతి ఇంకా రాలేదు, అది 1770ల తర్వాతి మాట. వెచ్చటి నీళ్ళలో రెండేళ్ళు తిరిగితే అడుగు చెక్కలకి పురుగు పట్టి జల్లెడ చేసేస్తుంది. బాగు చేయాలంటే ఫిరంగులూ సామానూ అన్నీ దింపి, అలలు లేని నీటిలో ఓడని ఒక పక్కకి వంచి, అడుగు బయటికి తేల్చి చెక్కల సందులు కూరాలి, తర్వాత రెండో పక్క. ఆ పని మద్రాసు దగ్గర చేసే వీలే లేదు. రేవు అని మనం అంటున్నాం గానీ మద్రాసుకి రేవెక్కడిది, గీత గీసినట్టు తిన్నటి ఒడ్డు, దాని ముందు విరిగిపడే కెరటాలు. పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరేసేవి, సరుకూ మనుషులూ మసూలా పడవల్లో ఒడ్డుకి రావాలి. ఆ పడవలకి మేకులుండవు, చెక్కల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్ళు, కెరటం కొడితే వంగుతుంది గానీ విరగదు. మేకులు కొట్టిన పడవైతే ఆ కెరటాల్లో ముక్కలే. కోరమాండల్ తీరం పొడుగూతా ఇదే వరస. కాస్త దగ్గర్లో పెద్ద దళం పట్టే సిసలైన సహజ రేవు సింహళంలోని ట్రింకోమలీ ఒక్కటే, అది అప్పుడు డచ్చివాళ్ళది.

అక్కడ బాగుచేసుకుని ఆగస్టులో పేటన్ మళ్ళీ వచ్చాడు, నాగపట్నం దగ్గర ఫ్రెంచి దళం కనబడగానే ముఖం చాటేశాడు. తర్వాత పులికాట్ దాకా వచ్చాడు, అంటే మద్రాసుకి కూతవేటు దూరం అనుకోండి. ఫ్రెంచి ఓడలు మద్రాసు మీదికి వచ్చి అక్కడున్న కంపెనీ ఓడ మీద కాల్పులు జరిపాయని అక్కడ తెలిసింది, అటు నుంచి అటే బెంగాల్ వెళ్ళిపోయాడు. మద్రాసువాళ్ళు సముద్రం వైపు చూస్తూనే ఉన్నారు.

కాలవగట్టు:

పాతలంగరు గారూ, మీరు పేటన్‌ని మరీ వెనకేసుకొస్తున్నారు. కారింది మెడ్వే ఒక్కటే కదా, మిగతా అయిదు ఓడల సంగతేంటి? పులికాట్ దాకా వచ్చి వెనక్కి పోవడాన్ని మా ఊళ్ళో పిరికితనం అనే అంటారు. ఇంగ్లీషువాళ్ళు కూడా అలానే అనుకున్నారు, తర్వాత గ్రిఫిన్ అనే ఇంగ్లీషు నౌకాదళ నాయకుడు వచ్చి పేటన్‌ని పదవిలోంచి తీసేసి ఇంటికి పంపాడు.

అయితే తప్పంతా అతనిదే అని కూడా అనను. కోటలో సైనికులు 200 మంది, ఊళ్ళో ఇంగ్లీషువాళ్ళు మొత్తం కలిపితే 300. దిగిన ఫ్రెంచి సైన్యంలో యూరోపియన్లే 1,100 మంది, దేశీ సిపాయిలూ ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ళూ వేరే. ముట్టడిలో ఊళ్ళో పోయిన ఇంగ్లీషువాళ్ళు నలుగురో అయిదుగురో, ఫ్రెంచి శిబిరంలో ఒక్కడు కూడా పోలేదు. దాన్ని యుద్ధం అనడం కూడా ఎక్కువే. ఓడలుంటాయిలే అన్న ధీమాతో గోడలు పట్టించుకోలేదు, తీరా చూస్తే ఓడలూ లేవు.

ఇంకో సంగతి, ఇది నాకు భలే నచ్చుతుంది. అంతకుముందు ఏడాది ఇంగ్లీషువాళ్ళు పాండిచ్చేరి మీదికి వెళ్ళబోతే డూప్లే ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్‌ని పట్టుకుని, నా రాజ్యంలో మీ కొట్లాటలు కుదరవు అని హుకుం ఇప్పించి ఆపించాడు. ఈసారి మద్రాసువాళ్ళు అదే నవాబు దగ్గరికి మనిషిని పంపారు, కానీ నజరానా లేకుండా ఉత్త చేతులతో. నవాబు దర్బారుకి ఉత్త చేతులతో వెళ్ళడమేంటండీ, వందేళ్ళకి పైగా ఇక్కడే వ్యాపారం చేస్తూ ఆమాత్రం తెలియదా! నవాబు గట్టిగా అడ్డం పడలేదు. ఊరు పోయాక మాత్రం నాకు ఇస్తానన్న మద్రాసు ఏదీ అని డూప్లే మీదికి సైన్యాన్ని పంపాడు, అడయారు దగ్గర కొద్దిమంది ఫ్రెంచివాళ్ళ చేతిలో ఆ సైన్యం చిత్తుగా ఓడిపోయింది. అది వేరే కథ, దాని మీద ఇంకో థ్రెడ్ పెట్టాలి.

చరిత్రపిచ్చి:

వామ్మో, సొంత ఫిరంగి అదురుకి మునిగిపోయే ఓడ అన్నది ఇక మర్చిపోలేను. ఇద్దరికీ థాంక్స్. మధ్యలో చిన్న డౌటు, మద్రాసు లొంగిపోయింది సెప్టెంబరు 10న అని ఒక చోట, 21న అని ఇంకో చోట ఉంది. ఏది రాయాలి?

పాతలంగరు:

రెండూ ఒకే రోజు. ఇంగ్లండు 1752 దాకా పాత క్యాలెండర్ వాడింది, అది ఫ్రెంచివాళ్ళ క్యాలెండర్ కన్నా 11 రోజులు వెనక. ఇంగ్లీషు కాగితాల్లో 10, ఫ్రెంచి కాగితాల్లో 21. పరీక్షలో మీ పుస్తకంలో ఉన్నదే రాయండి. పైన కాలవగట్టు గారికి, అయిదు ఓడలతో వెళ్ళి ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ అయిదింట్లో ఒకటి రెండిటికి కొయ్యలు విరిగితే తెచ్చి పెట్టడానికి కొత్త కొయ్య ఈ తీరంలో దొరకదు. పేటన్ తల లోపల తిరిగింది అదే అని నా ఉద్దేశం.

ఉప్పుగాలి:

రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను అందుకుంటా.

కక్కుర్తి అని అతని మీద కేసే పెట్టారు. ఒప్పందం బయట చాటుగా లక్ష వరహాలు తిన్నాడని ఆరోపణ. కానీ ఆ డబ్బు సంగతి పక్కన పెట్టి అతని స్థానంలో నిలబడి చూడండి. ఓడలు అతనివి, ఊరు ఉంచుకుందామని పట్టుబట్టేది డూప్లే. సెప్టెంబరు దాటితే ఈశాన్య రుతుపవనం, అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా ఈ తీరం మీద ఏ దళమూ నిలబడేది కాదు, అందరూ బొంబాయికో మారిషస్‌కో ట్రింకోమలీకో పోవలసిందే. ఓడలు వెళ్ళిపోయిన మర్నాడు మద్రాసుని ఎవరు కాపాడతారు? కాబట్టి ఉంచుకోలేని ఊరికి వెల కట్టి, సరుకు ఓడలకెక్కించుకుని గాలి మారేలోగా వెళ్ళిపోదామన్నది అతని ఆలోచన. నాకైతే తప్పుగా అనిపించదు. డూప్లే ఆలోచన వేరు, ఇంగ్లీషువాళ్ళకి ఈ తీరంలో ఊరే ఉండకూడదు. ఇద్దరూ పెద్దమనుషులే, ఇద్దరికీ అహం. మద్రాసు ఎవరి మాట కింద ఉండాలన్న గొడవలో మూడు వారాలు ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నారు. ఆ మూడు వారాలే కొంప ముంచాయి.

ఫ్రెంచి లెక్కలో అక్టోబరు 13. పగలంతా ఆకాశం శుభ్రంగా ఉంది, గాలి కూడా నెమ్మదిగానే ఉంది. ఇక్కడి పల్లెకారుల్ని ఎవరైనా అడిగారో లేదో తెలియదు గానీ ఆ నెలలో అంత ప్రశాంతంగా ఉంటేనే భయపడాలి. అర్ధరాత్రి వేళ మొదలైంది, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగలేదు. మద్రాసు ముందు ఆరు ఫ్రెంచి ఓడలు లంగరేసి ఉన్నాయి, తెల్లవారి చూస్తే ఒక్కటీ కనబడలేదు. ఒకటి గాలికి దక్షిణానికి కొట్టుకుపోయి మళ్ళీ ఈ తీరానికే రాలేకపోయింది. అషిల్ కొయ్యలన్నీ పోయాయి. ఇంకో మూడింటికి కూడా కొయ్యలు విరిగి, అడుగున నీళ్ళు నిండి, బరువు తగ్గించడానికి కింది వరస ఫిరంగులన్నీ సముద్రంలోకి తోసేశారు, అయినా ఇక మునుగుతాం అనుకుంటూనే తెల్లవార్లూ గడిపారు. ఆరోదాన్ని సుడిగాలి పట్టింది, అల ఒక్కసారి మీద పడింది, ఓడ కనబడకుండా పోయింది. అందులోంచి బతికి బయటపడింది ఆరుగురు. ఇవి కాక రకరకాల దేశాల ఓడలు ఒక ఇరవై, ఒడ్డుకి కొట్టుకొచ్చినవి కొన్ని, సముద్రంలో పోయినవి కొన్ని.

పేటన్ చేయలేని పని ఒక్క రాత్రిలో జరిగిపోయింది. లా బూర్డోనే మిగిలిన ఓడల్ని అతుకులేసుకుని వెళ్ళిపోయాడు, డూప్లే ఆ ఒప్పందాన్ని చెల్లదని కొట్టిపారేశాడు. పాపం లా బూర్డోనే తర్వాత యూరప్ వెళ్తూ ఇంగ్లీషువాళ్ళకే దొరికాడు, వాళ్ళు మర్యాదగా చూసి మాట తీసుకుని వదిలిపెట్టారు. సొంత దేశం మాత్రం బాస్టీల్ జైల్లో పెట్టింది. 1751లో నిర్దోషి అన్నారు, 1753లో చనిపోయాడు.

మద్రాసు ఏమైందని అడుగుతారేమో, 1748 సంధిలో ఉత్తర అమెరికాలోని లూయీబర్గ్ కోటకి బదులుగా ఇంగ్లీషువాళ్ళకి తిరిగిచ్చేశారు. మధ్యలో ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు కోటని ఆనుకుని ఉన్న నల్లపట్నం కొంత కూల్చారు, మిగతాది తర్వాత ఇంగ్లీషువాళ్ళే కూల్చారు, ఇప్పుడు హైకోర్టు ఉన్నది అక్కడే. కోమట్లూ చెట్టియార్లూ నేతపనివాళ్ళూ ఉన్న వీధులవి. ఎక్కడో యూరప్‌లో ఆస్ట్రియా సింహాసనం ఎవరిదన్న గొడవలో ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ళు చెరోవైపు దిగితే ఆ యుద్ధం ఇక్కడిదాకా వచ్చి వాళ్ళ ఇళ్ళు పోయాయి.

కాలవగట్టు:

అక్టోబరు తుపాను సంగతి ఇంత వివరంగా తెలియదు, సూపర్. మీరు చెప్పిన ఓడలు వెళ్ళిపోయిన మర్నాడు అన్న పాయింటుకి 1758-59 ముట్టడి సరిగ్గా సరిపోతుంది. ఫ్రెంచి సేనాని లాలీ డిసెంబరులో మద్రాసుని చుట్టుముట్టాడు, ఈసారి కోటా గట్టిదే, లోపలి సైన్యమూ ఎక్కువే, అయినా రెండు నెలలకి గోడకి గండి పడేదాకా వచ్చింది. ఫ్రెంచి ఓడలన్నీ సెప్టెంబరులోనే వాటి నాయకుడు దాషే మారిషస్ తీసుకెళ్ళిపోయాడు, లాలీ బతిమాలినా వినలేదు. 1759 ఫిబ్రవరి 16న ఆరు ఇంగ్లీషు ఓడలు కనబడ్డాయి. 17న ఫ్రెంచివాళ్ళు ముట్టడి ఎత్తేసి వెళ్ళిపోయారు. రెండు నెలల ముట్టడి అంతా ఆరు తెరచాపల్ని చూసి ఆగిపోయింది.

విశాఖవాసి:

లేటుగా వచ్చాను, థ్రెడ్ మొత్తం చదివాను. పాతలంగరు గారు చెప్పిన కొయ్య దొరకదు అన్న భయానికి మా ఊరి ముందే ఒక ఉదాహరణ ఉంది, పుస్తకాల్లో పెద్దగా రాదు.

1804 సెప్టెంబరు 15, నెపోలియన్ కాలం. విశాఖపట్నం ముందు ఇంగ్లీషువాళ్ళ 50 ఫిరంగుల సెంచూరియన్ లంగరేసి ఉంది, కంపెనీ వర్తకపు ఓడలు రెండు సరుకు ఎక్కించుకుంటుంటే కాపలా. కెప్టెన్ ఒడ్డున పని మీద ఉన్నాడు, ఓడ ఒక లెఫ్టినెంట్ చేతిలో ఉంది. మూడు ఓడలు వస్తున్నాయి, మనవాళ్ళేనేమో అనుకున్నారు. దగ్గరికొచ్చాక చూస్తే లినోయిస్ అనే ఫ్రెంచి అడ్మిరల్, 74 ఫిరంగుల మరెంగో, తోడుగా రెండు ఫ్రిగేట్లు, అంటే కాస్త చిన్న యుద్ధనౌకలు. ఒడ్డున ఫిరంగి దిబ్బ నుంచి కాస్త సాయం అందింది గానీ బలం లెక్కన సెంచూరియన్ అయిపోయినట్టే. కంపెనీ ఓడల్లో ఒకటి లొంగిపోయింది, ఇంకోటి ఒడ్డుకెక్కి పగిలిపోయింది. మధ్యలో కెప్టెన్ చిన్న పడవలో గుళ్ళ మధ్య నుంచే వచ్చి తన ఓడ ఎక్కాడు. సెంచూరియన్ లంగరు తాడు తెగింది, తెరచాపల తాళ్ళన్నీ చిరిగి వేళ్ళాడుతున్నాయి. ఇంకో గంట కొడితే చేతికొచ్చేది.

లినోయిస్ కొట్టలేదు. తీసుకున్న ఓడని తీసుకుని వెళ్ళిపోయాడు. ఒడ్డు దగ్గర నీళ్ళ లోతు తక్కువ అన్నది ఒక కారణం. అసలు కారణం, మరెంగో కొయ్యలు విరిగితే బాగుచేసుకునే చోటు మారిషస్ దాకా లేదు. దీనికి నెపోలియన్ మండిపడ్డాడు, ప్యారిస్‌లో కూర్చుని మండిపడటం తేలికే.

చరిత్రపిచ్చి:

ఇది బిట్టుగా ఎప్పటికీ రాదు గానీ నాకు ఇదే బాగా నచ్చింది. అయితే ఒకటి, అంతా చివరికి ట్రింకోమలీ దగ్గరికే వస్తోంది కదా, మరి ఆ రేవుని ఎవరూ పట్టుకోలేదా? డచ్చివాళ్ళకి వదిలేశారా?

పాతలంగరు:

పట్టుకున్నారు, ఒకే ఏడాదిలో రెండుసార్లు చేతులు మారింది. 1782 జనవరిలో ఇంగ్లీషువాళ్ళు డచ్చివాళ్ళ దగ్గర లాక్కున్నారు. ఆగస్టు చివర్లో ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రెన్ వచ్చి అయిదారు రోజుల్లో ఇంగ్లీషువాళ్ళ దగ్గర లాక్కున్నాడు. అప్పటిదాకా అతను రేవే లేకుండా, చిన్న ఓడల కొయ్యలు పీకి పెద్ద ఓడలకి పెట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. ఇంగ్లీషు అడ్మిరల్ హ్యూస్ రేవుని కాపాడదామని సెప్టెంబరు 2న వచ్చేసరికి కోట మీద ఫ్రెంచి జెండా ఉంది. మర్నాడు రేవు బయట ఇద్దరూ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కొట్టుకున్నారు, ఆ తర్వాత హ్యూస్ మద్రాసు వెళ్ళాడు, సుఫ్రెన్ రేవులోకి వెళ్ళి కొయ్యలు మార్చుకున్నాడు.